పేరులో పురుగు పెట్టుకున్న డాక్టరు

మొన్న సంక్రాంతి సెలవులకి జంగారెడ్డిగూడెం వచ్చినప్పుడు, కనుమ రోజు రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక, డాబా మీద కూర్చుని ఫోన్‌లో ఒక సినిమా చూశాను. పేరు మెట్రోపోలిస్. 2001లో వచ్చిన జపాన్ యానిమేషన్ సినిమా. సైన్స్ ఫిక్షన్, పైగా క్రైమ్ కథ. మనుషుల అవయవాలతో వ్యాపారం చేసే ఒక సైంటిస్టుని పట్టుకోవడానికి జపాన్ నుంచి ఒక ముసలి డిటెక్టివ్, మేనల్లుడిని వెంటబెట్టుకుని, మెట్రోపోలిస్ అనే మహానగరానికి వస్తాడు. పైన ఆకాశాన్ని అంటే భవనాలు, కింద భూమిలోపల అంతస్తులు అంతస్తులుగా పేదవాళ్ళు, వాళ్ళకంటే కింద చెత్త మోసే రోబోలు. దారి చూపించడానికి పోలీసులు ఆయనకి ఒక రోబో డిటెక్టివ్‌ని ఇస్తారు. దానికి పేరు ఉండదు, బారెడు నంబరే ఉంటుంది. ఆ ఊళ్ళో రోబోలకి మనుషుల పేర్లు పెట్టకూడదని రూల్. ఆ నంబరు పలకలేక ముసలాయన దానికి పెరో అని ఒక కుక్క పేరు పెడతాడు. అక్కడి నుంచి అది నంబరు కాదు, మనకి బాగా తెలిసిన ఒక మనిషి. ఆఖర్న తిరుగుబాటు చేసేవాళ్ళకి నచ్చజెప్పబోయి పెరో వాళ్ళ చేతుల్లోనే ముక్కలైపోతే, చలికి దుప్పటి కప్పుకుని ఉన్న నాకు గొంతులో ఏదో అడ్డం పడింది.

సినిమా అయ్యాక పేర్లు పడుతుంటే ఆపి చూశాను. దర్శకుడు రింతారో. స్క్రీన్‌ప్లే అకీరా తీసిన కత్సుహిరో ఒటోమో. మూలకథ మాత్రం ఒసాము తెజుకా. ఈయన పేరు నేను అంతకుముందు విన్నాను. జపాన్‌లో కామిక్స్ దేవుడు అంటారని, డాక్టరు చదువు వదిలేసి బొమ్మలు గీశాడని ఎక్కడో ఒక రీల్‌లో చూశాను. ఆ ఒక్క ముక్క నాకు చాలా పనికొచ్చింది. ఎలా పనికొచ్చిందో ముందు చెప్పాలి.

ఫస్టియర్ అయిపోగానే నేను ఇంట్లో ఒక బాంబు పేల్చాను. సీఎస్ఈ మానేసి హైదరాబాద్ వెళ్ళి యానిమేషన్ కోర్సులో చేరతానన్నాను. మా నాన్న పామాయిల్ తోట మీద వచ్చిన డబ్బులతో నా ఫీజు కడుతున్నారు. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. రెండు రోజులు మాట్లాడలేదు, అంతే. అది తిట్టడంకంటే కష్టంగా ఉంటుందని మీలో కొందరికైనా తెలిసే ఉంటుంది. అప్పుడు నేను తెజుకా కథ తీశాను. జపాన్‌లో ఒకాయన ఎంబీబీఎస్ లాంటిది వదిలేసి బొమ్మలు గీసి దేవుడయ్యాడని, వాళ్ళమ్మే నీకు ఏది ఇష్టమో అది చెయ్యమందని అమ్మకి చెప్పాను. అమ్మ కందిపప్పు ఏరుతూ మొత్తం విని, ఆయన ఆ డాక్టరు పరీక్ష పాసయ్యాడా లేదా అని మాత్రం అడిగింది.

నాకు తెలీదు. రీల్‌లో చెప్పలేదు మరి. సినిమా చూసిన రాత్రి నుంచి నేను తెజుకా జీవితం చదవడం మొదలుపెట్టింది అమ్మ ప్రశ్నకి జవాబు కోసమే. అందులో దొరికింది మీతో పంచుకుంటున్నాను. ఇంగ్లీష్ మీడియంలో చదివినవాణ్ణి, తప్పులుంటే క్షమించండి.

పురుగుల పిచ్చి

తెజుకా 1928 నవంబర్ 3న ఒసాకా దగ్గర తొయొనాకాలో పుట్టారు. ముగ్గురు పిల్లల్లో పెద్ద. ఆయనకి ఐదేళ్ళప్పుడు కుటుంబం పక్కనే ఉన్న తకరజుకాకి మారింది. తకరజుకా అంటే జపాన్ వాళ్ళకి వెంటనే గుర్తొచ్చేది అక్కడి నాటక సంస్థ. అందులో మగ వేషాలు కూడా ఆడవాళ్ళే కడతారు. మన సురభి నాటకాల్లాగా అక్కడ అదో పెద్ద సంప్రదాయం. అమ్మ ఫుమికో పిల్లాడిని ఆ నాటకాలకి తీసుకెళ్ళేది. ఇంట్లో కామిక్ పుస్తకాలు గొంతు మార్చి మార్చి చదివి వినిపించేది. నాన్న యుతకాకి ఫొటోల పిచ్చి. ఇంట్లో ఒక చిన్న పాథే ప్రొజెక్టరు ఉండేది, దాని మీద చాప్లిన్, మిక్కీ మౌస్ రీళ్ళు వేసి చూపించేవారు. 1930ల్లో ఇంట్లో ప్రొజెక్టరు ఉన్న పిల్లలు ఎంతమంది ఉంటారు చెప్పండి. ఈయన అదృష్టంలో సగం ఆ ఇంట్లోనే ఉంది.

బడిలో మాత్రం అదృష్టం లేదు. ఉంగరాల జుట్టు, కళ్ళద్దాలు, బక్కపల్చని ఒళ్ళు. పిల్లలు ఏడిపించేవారు. వాళ్ళని ఆపింది ఈయన గీసే బొమ్మలే. బొమ్మలు చూడటానికి ఇంటికి రావడం మొదలుపెట్టాక ఏడిపించడం తగ్గింది. ఒక మాస్టారు ఈయన నోట్‌బుక్కులో కామిక్ చూసి, చింపెయ్యకుండా, ఇంకా గియ్యమని ప్రోత్సహించారు.

ఇంకో పిచ్చి పురుగులది. కొండల్లో తిరిగి పురుగులు పట్టడం, వాటిని చూసి రంగులతో సహా అచ్చు గుద్దినట్టు గీయడం. జపాన్‌లో నేల మీద పాకే ఒక రకం పురుగుని ఒసాముషి అంటారు. తన పేరు ఒసాము. పుస్తకంలో ఆ పురుగు పేరు చూసి మురిసిపోయి, తన పేరు చివర పురుగు అనే అక్షరం ఒకటి అదనంగా చేర్చుకున్నారు. పలకడం మాత్రం మామూలుగా ఒసాము అనే. రాతలో పురుగు ఉంటుంది, మాటలో కనిపించదు. చివరిదాకా అదే ఆయన కలం పేరు. బుర్రలో పురుగు తొలుస్తోంది అంటాం కదా మనం, ఈయన దాన్ని సంతకంలోనే పెట్టేసుకున్నారు.

యుద్ధం

ఈ పిల్లాడు హైస్కూలు వయసుకి వచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం. బడి తక్కువ, కవాతు ఎక్కువ. ఒళ్ళు బలంగా లేని పిల్లల్ని ప్రత్యేక శిక్షణ పేరుతో ఒక క్యాంపులో పడేశారు. అక్కడ ఈయన రెండు చేతులకీ చర్మవ్యాధి పట్టుకుని, చేతులు తీసెయ్యాల్సి వస్తుందేమో అన్నంత ముదిరింది. ఒక డాక్టరు గారు దాన్ని నయం చేశారు. తర్వాత రోజుల్లో లక్షన్నర పేజీలు గీసిన చేతులు అవి. డాక్టరు అవ్వాలన్న కోరిక అక్కడ పుట్టింది. అంటే మెడిసిన్ ఈయన మీద ఇంట్లోవాళ్ళు రుద్దింది కాదు. ఇది చదివినప్పుడే నా వాదనలో మొదటి ఇటుక కదిలింది.

1945లో రెండు సంఘటనలు. ఏప్రిల్‌లో ఒసాకాలో ఒక థియేటర్లో మొమొతారో అనే యానిమేషన్ సినిమా చూశారు. మిత్సుయో సెవో తీసింది. నౌకాదళం డబ్బులిచ్చి చేయించిన యుద్ధ ప్రచార చిత్రం అది. కానీ అందులో అడవి జంతువుల అమాయకత్వం, గాలిలో తేలే గింజలు చూసి ఖాళీ థియేటర్లో ఏడ్చేశారట. బతికి ఉంటే ఎప్పటికైనా యానిమేషన్ తియ్యాలని అక్కడే ఒట్టు పెట్టుకున్నారు. బతికి ఉంటే అన్నది మాటవరసకి కాదు. జూన్‌లో ఒసాకా మీద పెద్ద ఎత్తున బాంబులు పడ్డ రోజు ఈయన ఫ్యాక్టరీలో కాపలా బురుజు మీద డ్యూటీలో ఉన్నారు. నిప్పు బాంబులు చుట్టూ పడ్డాయి, ఈయన బతికారు. కిందకి దిగి వస్తుంటే దారి పొడుగునా చూసిన శవాలని జీవితాంతం మర్చిపోలేదు.

ఆగస్టు 15న యుద్ధం ఆగింది. ఆ సాయంత్రం ఒసాకాలో ఇన్నాళ్ళూ చీకటిగా ఉన్న వీధుల్లో దీపాలు వెలిగాయి. వాటిని చూసి, ఇక బతికాను, ఇక బొమ్మలు గీసుకోవచ్చు అనుకున్నారట. అప్పుడు ఆయన వయసు 16. మనం ఆ వయసులో ఇంటర్ ఫస్టియర్ స్టడీ అవర్స్‌లో కునుకుపాట్లు పడుతున్నాం.

మెడిసిన్ క్లాసులో చివరి బెంచీ

అదే 1945లో ఒసాకా యూనివర్సిటీలో మెడిసిన్‌లో చేరారు. 1946 జనవరిలో, పదిహేడేళ్ళకి, పిల్లల వార్తాపత్రికలో నాలుగు గడుల కామిక్‌తో తొలిసారి అచ్చులో కనిపించారు. 1947లో షిచిమా సకాయ్ వేసిన కథా ప్లానుకి బొమ్మలు గీసి, కొత్త నిధి దీవి అనే అర్థం వచ్చే పేరుతో ఒక పుస్తకం తెచ్చారు. చవక కాగితం మీద ఒసాకాలో అచ్చయ్యే పుస్తకాల్లో అదొకటి. నాలుగు లక్షల కాపీలు పోయాయని చెబుతారు. మొదటి పేజీల్లో ఒక కుర్రాడు కారులో రేవుకి దూసుకెళ్తుంటాడు. కారు ఒకసారి దూరంగా, ఒకసారి మీదకొచ్చేస్తున్నట్టు, ఒకసారి పక్క నుంచి. అంటే కదలని కాగితం మీద కెమెరా పెట్టారు. ఇంట్లో ఉన్న ప్రొజెక్టరు ఊరికే పోలేదు.

ఇక్కడ నాకు ఒక చిన్న సంగతి తట్టింది. మా తాతయ్య చందమామలు బైండు చేయించి ట్రంకు పెట్టెలో దాచారు. నేను తెలుగు కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది వాటిలోనే. చందమామ మొదలైంది కూడా 1947లోనే, జులైలో, మద్రాసులో. అక్కడ కాలిపోయిన దేశం, ఇక్కడ అప్పుడే స్వాతంత్ర్యం వస్తున్న దేశం. రెండుచోట్లా ఒకే ఏడాది ఎవరో కొందరు పిల్లలకి బొమ్మల కథలు కావాలనుకున్నారు.

ఐదారేళ్ళు ఈయన బతుకు రెండు పడవల మీద నడిచింది. పగలు అనాటమీ, రాత్రి బొమ్మలు. నిజానికి పగలు కూడా బొమ్మలే, క్లాసులోనే గీసేవారు. నువ్వు డాక్టరువైతే రోగులు బతకరు, వెళ్ళి బొమ్మలు గీసుకో అని ఒక ప్రొఫెసరు తేల్చేశారట. ఏ దారి పట్టాలో తెలియక అమ్మని అడిగితే, నీకు ఏది ఇష్టమని ఆవిడ తిరిగి అడిగింది. బొమ్మలే అన్నారు. అయితే అదే చెయ్యమంది.

రీల్ ఇక్కడ ఆగిపోయింది. జీవితం ఆగలేదు. ఆయన చదువు మానలేదు. కోర్సు పూర్తి చేశారు, 1952లో డాక్టర్ల జాతీయ పరీక్ష పాసయ్యారు, లైసెన్సు తెచ్చుకున్నారు. ఆ తర్వాత టోక్యో వెళ్ళి బొమ్మలు గీసుకున్నారు. అంతటితో కూడా అవ్వలేదు. దేశమంతా పేరొచ్చాక, 1961లో నారా మెడికల్ యూనివర్సిటీ నుంచి డాక్టరేటు తీసుకున్నారు. పరిశోధన చెరువు నత్తల వీర్యకణాల మీద. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసినవాటిని బొమ్మలు గీసి మరీ సమర్పించారు. పురుగులు గీసిన పిల్లాడు ఎక్కడికీ పోలేదన్నమాట.

అమ్మకి ఫోన్ చేసి పాసయ్యాడని చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. నవ్విన చప్పుడు మాత్రం వినపడింది.

కాగితం మీద మహానగరం

నేను చూసిన సినిమాకి మూలమైన మెట్రోపోలిస్ పుస్తకం 1949లో వచ్చింది. అంటే అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్ళు, ఇంకా మెడికల్ స్టూడెంటు. ఫ్రిట్జ్ లాంగ్ అనే దర్శకుడు 1927లో జర్మనీలో తీసిన మెట్రోపోలిస్‌ని ఆయన అప్పటికి చూడలేదు. ఒక పత్రికలో ఆ సినిమాలోని ఆడ రోబో ఫొటో ఒక్కటి చూశారు. ఆ ఒక్క ఫొటో నుంచి మిగతాదంతా తనే అల్లుకున్నారు.

పుస్తకానికీ సినిమాకీ తేడా చాలా ఉంది. సినిమాలో ఉండే తీమా అనే అమ్మాయి పుస్తకంలో లేదు. ఉన్నది మిచి. లాటన్ అనే సైంటిస్టు కృత్రిమ కణాలతో తయారుచేసిన బిడ్డ. గొంతులో ఒక మీట నొక్కితే అబ్బాయి, మళ్ళీ నొక్కితే అమ్మాయి. తకరజుకా నాటకాల్లో మగ వేషాలు వేసే ఆడవాళ్ళని చూసి పెరిగిన వాడికి ఇది పెద్ద వింత కాదేమో. డ్యూక్ రెడ్ అనే నేరస్థుల నాయకుడు సూర్యుడి మీద నల్లమచ్చలు పుట్టించి లోకాన్ని లొంగదీసుకోవాలనుకుంటాడు. రోబోలని బానిసల్లా వాడుకుంటాడు. తను మనిషిని కాదని తెలిసిన రోజు మిచి ఆ రోబోలకి నాయకత్వం వహించి మనుషుల మీద తిరగబడుతుంది. నల్లమచ్చల యంత్రం పగిలిపోగానే, ఆ కిరణాలతోనే నిలబడ్డ మిచి ఒళ్ళు కరిగిపోతుంది. పిల్లల పుస్తకం అండి ఇది. విలన్ చస్తే చప్పట్లు కొట్టాల్సిన చోట బిడ్డ కరిగిపోతుంటే చూస్తూ కూర్చోవాలి.

ముసలి డిటెక్టివ్ మీసాలాయన మాత్రం రెండింటిలోనూ ఉన్నాడు. బడిలో స్నేహితుడి తాతగారిని చూసి పుట్టిన బొమ్మ అది. తెజుకా దగ్గర ఒక పద్ధతి ఉండేది. తన బొమ్మల్ని సినిమా నటుల్లా చూసేవారు. ఒకే మీసాలాయన ఒక కథలో డిటెక్టివ్, ఇంకో కథలో స్కూలు మాస్టారు. ఎవరికి ఎంత పారితోషికమో సరదాగా లెక్క కూడా రాసుకున్నారు. రాక్ అనే కుర్రాడు 1949లో బాల డిటెక్టివ్‌గా రంగప్రవేశం చేసి, తర్వాత విలన్ వేషాలకి మారాడు. 2001 సినిమాలో రోబోలని కాల్చిపారేసేది ఆ రాకే. మా సీఎస్ వాళ్ళ భాషలో చెప్పాలంటే ఒకసారి రాసిన క్లాసుని ఎన్ని ప్రోగ్రాముల్లో వాడుకోవచ్చో ఆయన మనకంటే ముందే కనిపెట్టేశారు.

ఆటమ్, అరగంట, ఒక తప్పు

1951లో మొదలైన ఒక కథలో చిన్న పాత్రగా వచ్చి, 1952 నుంచి సొంత కథ సంపాదించుకున్నవాడు ఆటమ్. మనకి ఆస్ట్రో బాయ్‌గా తెలుసు. డాక్టర్ తెన్మా కొడుకు కారు ప్రమాదంలో చనిపోతే, అచ్చం వాడిలాంటి రోబోని చేస్తాడు. రోబో ఎదగదు కదా. ఎదగట్లేదని కోపమొచ్చి సర్కస్‌కి అమ్మేస్తాడు. కథలో ఆటమ్ పుట్టినరోజు 2003 ఏప్రిల్ 7. మనలో చాలామందికంటే రెండు మూడేళ్ళు పెద్ద.

టోక్యోలో ఆయన కొన్నాళ్ళున్న తొకివా-సో అనే పాత చెక్క మేడ గురించి ఒక్క మాట. 1954లో అది ఖాళీ చేసి వెళ్తూ, తన గదిని ఇద్దరు కుర్ర ఆర్టిస్టులకి ఇచ్చారు. అడ్వాన్సు డబ్బులు వెనక్కి తీసుకోకుండా వాళ్ళకోసమే వదిలేశారు. ఆ ఇద్దరూ కలిసి ఫుజికో ఫుజియో అనే పేరుతో గీసేవారు. వాళ్ళలో ఒకరు తర్వాత డోరేమాన్‌ని సృష్టించారు. మనం బడి నుంచి వచ్చి సాక్సులైనా విప్పకుండా టీవీ ముందు కూర్చుని చూసిన డోరేమాన్.

1961లో సొంతంగా యానిమేషన్ పెట్టారు. దాని పేరు ముషి ప్రొడక్షన్ అయ్యింది. ముషి అంటే పురుగే. 1963 జనవరి 1న ఫుజీ టీవీలో ఆటమ్ మొదలైంది. వారం వారం అరగంట, సొంత కథతో యానిమేషన్ సీరియల్ జపాన్‌లో అదే మొదలు. 1966 చివరిదాకా 193 భాగాలు. మొదలైన ఏడాదే అమెరికాలో కూడా వేశారు.

దీని వెనక లెక్క చూడండి. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు. డిస్నీ తరహాలో నున్నగా కదలాలంటే సెకనుకి 12 నుంచి 24 బొమ్మలు గీయాలి. తెజుకా ఒక్కో బొమ్మని మూడు ఫ్రేములు నిలబెట్టారు, అంటే సెకనుకి 8 బొమ్మలు. పాతిక నిమిషాలకి అలా గీసినా 12,000 బొమ్మలవుతాయి, వారంలో అది కూడా అసాధ్యం. అందుకని మాట్లాడేటప్పుడు నోరు ఒక్కటే కదపడం, బొమ్మని నిలబెట్టి కెమెరాని జరపడం, ఆటమ్ ఎగిరే బొమ్మల్ని దాచిపెట్టుకుని మళ్ళీ మళ్ళీ వాడటం. ఆ దాచిన పెట్టెకి ఆయన బ్యాంక్ అని పేరు పెట్టారు. నేను డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో నేర్చుకున్న క్యాష్ ఇదే.

తప్పు ఎక్కడంటే, సీరియల్‌ని టీవీకి ఖర్చుకంటే తక్కువకి అమ్మడానికి ఒప్పుకున్నారు. నష్టాన్ని పుస్తకాల డబ్బుతో, ఆటమ్ బొమ్మలున్న సరుకుల రాయల్టీతో పూడ్చుకోవచ్చనుకున్నారు. మెయిజి మిఠాయి కంపెనీ చాక్లెట్ డబ్బాల్లో ఆటమ్ స్టిక్కర్లు పెడితే పిల్లలు ఎగబడ్డారు కూడా. కానీ ఆయనకి పూడ్చుకోవడానికి పుస్తకాలున్నాయి. తర్వాత వచ్చినవాళ్ళకి లేవు. యానిమేషన్ అంటే ఇంతకే వస్తుంది అని టీవీల వాళ్ళకి అలవాటైపోయింది. హయావొ మియజాకీ అయితే తెజుకా చనిపోయాక కూడా మొహమాటపడకుండా ఇదే విమర్శ చేశారు. తక్కువ జీతాలకి రాత్రింబవళ్ళు గీసే జపాన్ యానిమేటర్ల కథలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. అదంతా ఒక్క తెజుకా మీద తోసెయ్యడం అన్యాయమే. కానీ ఆయనకి సంబంధం లేదనడం కూడా అబద్ధమే.

రాత్రింబవళ్ళు తెజుకా కూడా గీశారు. నాలుగైదు పత్రికలకి ఒకేసారి సీరియల్స్, ఎడిటర్లు ఇంట్లో తిష్ట వేసి పేజీల కోసం కాచుక్కూర్చోవడం. ఎవరైనా కొత్త కుర్రాడికి పేరొస్తే అసూయపడేవారు కూడా. నేను రీల్‌లో చూసిన దేవుడికంటే ఈ అసూయపడే మనిషి నాకు ఎక్కువ నచ్చారు.

దివాలా

1960ల చివరికి గాలి మారింది. పెద్దవాళ్ళ కోసం చీకటి కథలు, ముతక గీతలు వచ్చాయి. తెజుకా గుండ్రటి బొమ్మలు పాతబడ్డాయన్నారు. 1971లో ఆయన ముషి ప్రొడక్షన్ అధ్యక్ష పదవి నుంచి తప్పుకున్నారు. 1973లో కంపెనీ దివాలా తీసింది. అప్పులు, ఖాళీ అయిన స్టూడియో, పని అయిపోయిందన్న ప్రచారం. 

అమ్మ ప్రశ్న నాకు మళ్ళీ గుర్తొచ్చింది. ఆవిడ లైసెన్సు గురించి అడిగింది ఇలాంటి రోజు కోసమేనేమో. కానీ తెజుకా ఆ రోజు కూడా ఆసుపత్రికి వెళ్ళలేదు. డాక్టరు చదువుని ఇంకోలా బయటికి తీశారు. అదే ఏడాది నవంబర్‌లో బ్లాక్ జాక్ మొదలుపెట్టారు. లైసెన్సు లేని సర్జన్. మొహం మీద కుట్లు, సగం చర్మం వేరే రంగు. కోట్లు అడుగుతాడు, చెయ్యి పెడితే మనిషి బతుకుతాడు. ఒక్కోసారి బతకడు కూడా. లైసెన్సు ఉండీ వైద్యం చేయని డాక్టరు, లైసెన్సు లేకుండా వైద్యం చేసే డాక్టరు కథ రాశారు. ఇదే ఆఖరి సీరియల్ అవుతుందేమో అనుకుని పత్రిక వాళ్ళు అవకాశమిస్తే, అదే ఆయన్ని మళ్ళీ నిలబెట్టింది.

కూలిన కంపెనీ కూడా ఊరికే పోలేదు. అందులోంచి బయటికొచ్చినవాళ్ళు మ్యాడ్‌హౌస్, సన్‌రైజ్ లాంటి స్టూడియోలు పెట్టారు. ఆటమ్ రోజుల్లో తెజుకా కింద పనిచేసిన కుర్రాడు రింతారో. ఆయనే 2001లో మ్యాడ్‌హౌస్‌లో మెట్రోపోలిస్ తీశారు. శిష్యుడు గురువు ఇరవయ్యో ఏట గీసిన పుస్తకాన్ని తన అరవయ్యో ఏట సినిమా తీశాడు. కనుమ రాత్రి నేను చూసింది అదన్నమాట.

గుంటుపల్లి

1972 నుంచి 1983 దాకా ఆయన బుద్ధుడి కథ గీశారు. మొదటి భాగంలో సిద్ధార్థుడు చివర్లో గానీ పుట్టడు. అప్పటిదాకా కథ నడిపేది చాప్రా అనే బానిస కుర్రాడు, తత్తా అనే అంటరాని పిల్లాడు. రాజభవనం నుంచి కాకుండా అడుగునుంచి మొదలుపెట్టారు. మెట్రోపోలిస్‌లో కూడా అంతే కదా, అసలు కథ భూమి కింద అంతస్తుల్లో ఉంటుంది.

ఆ పుస్తకం చదువుతూ ఒక ఆదివారం బండేసుకుని గుంటుపల్లి వెళ్ళాను. మా ఊరికి దగ్గరే, కామవరపుకోట వైపు. చిన్నప్పుడు స్కూల్ పిక్నిక్‌కి వెళ్ళి పులిహోర తిని వచ్చేశాం. ఈసారి కొండలో తొలిచిన గుండ్రటి చైత్యంలో కూర్చుని పైకి చూశాను. రాతి కప్పుకి పూరిపాక వాసాల్లాగా గీతలు చెక్కారు. రాయికి వాసాలు అవసరం లేదు. కానీ చెక్కినవాళ్ళకి పాక అంటే ఇష్టం, పాక చేతికి అలవాటు. రెండు వేల ఏళ్ళ కిందట ఎవరో పేరు తెలియని పనివాడు, తనకి ముందు నుంచి వచ్చిన పనిని కొత్త పనిలోకి తెచ్చుకున్నాడు. తెజుకా నత్తల బొమ్మలు గుర్తొచ్చాయి.

చివరి పేజీలు

1988లో కడుపు ఆపరేషన్ జరిగింది. కడుపు క్యాన్సర్ అని ఆయనకి చెప్పలేదు, అప్పట్లో జపాన్‌లో అదే అలవాటు. డాక్టరు చదివిన మనిషి ఆయన, ఎంత ఊహించుకున్నారో ఎవరికి తెలుసు. ఆసుపత్రి మంచం మీదే గీశారు. నవంబర్‌లో షాంఘై వెళ్ళి అక్కడ పడిపోయారు. 1989 ఫిబ్రవరి 9న టోక్యోలో, 60 ఏళ్ళకి చనిపోయారు. చివరి రోజుల్లో కూడా పెన్సిల్ అడుగుతూ, పని చేసుకోనివ్వమని బతిమాలుకున్నారట. మూడు సీరియల్స్ సగంలో ఆగిపోయాయి. తకరజుకాలో 1994లో ఆయన పేరు మీద మ్యూజియం పెట్టారు.

ఇంతకీ నేను

కోర్సు మానలేదు. తెజుకా చదివి భయపడి మానలేదనుకోకండి, ధైర్యం వచ్చి మానలేదనుకోకండి. రెండూ కొంచెం కొంచెం. ఇష్టమైంది చేస్తే చాలు అన్న నా వాదన ఆయన జీవితంలో నిలబడలేదు. డిగ్రీ ఉంటే చాలు అన్న మా నాన్న వాదన కూడా నిలబడలేదు. డిగ్రీ ఆయన్ని దివాలా నుంచి కాపాడలేదు, కానీ ఆ చదువు బ్లాక్ జాక్ అయ్యింది.

వాదించడం ఆపేసి ఒక పని చేశాను. రికార్డు పేపర్ల మీద పది సెకన్ల యానిమేషన్ గీశాను. సెకనుకి 8, మొత్తం 80 బొమ్మలు. పదహారు రాత్రులు పట్టింది. 193 అరగంటలు అంటే ఏమిటో మెడనొప్పి వచ్చాక తెలిసింది. మా తోటలో గెల కోసే సీన్ అది. పొడవాటి గెడకి కట్టిన కొడవలి పైకి వెళ్తుంది, గెల కిందకి పడుతుంది, దుమ్ము లేస్తుంది.

నాన్నకి ఫోన్‌లో చూపించాను. మళ్ళీ వెయ్యమన్నారు. మూడుసార్లు చూశారు. బాగుందనలేదు. గెల అలా పడదని, ముందు దాని కింద మట్ట కొయ్యాలని, మట్ట పడ్డాకే గెల దిగుతుందని చెప్పారు. చెయ్యి గాల్లో పెట్టి కొడవలి ఎలా తిప్పాలో చూపించారు. నేను పెన్సిల్ తీసుకున్నాను. మట్ట పడటానికి మూడు సెకన్లు పడుతుంది. అంటే ఇంకో 24 బొమ్మలు. ఈ సెలవులు అయిపోయేలోపు గీయాలి.